మా ఆయన పట్టిన బొచ్చె చేప

మొగుడి పేరు నోటితో పలికితే ఆయన ఆయుష్షు తరుగుతుందని మా కాలంలో అనేవారు. నేను కాపురానికి వచ్చిన కొత్తలో జనాభా లెక్కల గుమాస్తా వచ్చి "ఇంటాయన పేరేందమ్మా?" అని అడిగితే, చేతిని పడగలాగా ఆడించి, ఆ తర్వాత రెండు చేతులూ జోడించి చూపించాను. ఆ మానవుడు "సుబ్బారాయుడా?" అన్నాడు. కాదు కాదని తల ఊపీ ఊపీ నా మెడ పట్టేసింది. ఇప్పుడు ఆయన మునిమనవళ్ళను కూడా ఎత్తుకుని హాయిగా వెళ్ళిపోయారు కనక, ఇక తరగడానికి ఏమీ మిగల్లేదు. చెప్పేస్తున్నాను వినండి. నాగేశ్వర్లు. మా ఆయన పేరు నాగేశ్వర్లు. అబ్బ, ఎంత హాయిగా ఉందో!

ఈ నాగేశ్వర్లు గారు మార్కాపురం బజారులో కిరాణా దుకాణం నడిపేవారు. అప్పుడు మాకు రాజధాని మద్రాసు, జిల్లా కర్నూలు. దుకాణంలో చింతపండు, మిరపకాయలు, పసుపు, బెల్లం, గల్లాపెట్టె పక్కన ఇత్తడి డబ్బాలో ఇంగువ. మేం వైశ్యులం. ఇంట్లో నీచు మాట అటుంచండి, ఎండుచేపల బుట్ట మా వీధిలోంచి వెళ్ళినా మా అత్తగారు రామతులసమ్మ గుమ్మం ముందు నీళ్ళు చల్లించేది. అత్తగారంటే సామాన్యురాలు కాదు. చిన్నతనంలోనే భర్త పోతే, దుకాణం మూతపడకుండా నిలబెట్టి, ఒక్కగానొక్క కొడుకును పెంచి పెద్దచేసిన మనిషి. ఆమె దగ్గితే బజారులో బేరాలు ఆగేవి. కొడుకంటే ప్రాణం. ఆ ప్రాణం తిట్ల రూపంలో తప్ప మరో రూపంలో బయటికి వచ్చేది కాదు.

అలాంటి ఇంట్లో పుట్టి, జన్మలో చేప ముక్క రుచి ఎరగని మనిషికి చేపలు పట్టాలని పిచ్చి పట్టింది. నవ్వకండి. నవ్వొచ్చినా కాస్త దాచుకోండి, ముందు ముందు పనికొస్తుంది.

ఒకసారి పసుపు కొనడానికి కంభం వెళ్ళారు. బేరం త్వరగా ముగిసింది, రైలుకింకా టైముంది కదా అని చెరువు కట్ట ఎక్కారు. కంభం చెరువు చూసినవాళ్ళకు చెప్పక్కర్లేదు, చూడనివాళ్ళకు చెప్పినా అందదు. రెండు కొండల మధ్య కట్ట వేసి గుండ్లకమ్మను ఆపేశారు. నిండినప్పుడు అవతలి ఒడ్డు కంటికి ఆనదు. ఆ కట్ట కింద రాళ్ళమీద, దొనకొండ రైల్వే కాలనీలో ఉండే ఇంజను డ్రైవరు దొర ఒకాయన చేపలు పడుతున్నాడు. కర్రకు చక్రం బిగించి, ఆ చక్రానికి సన్నదారం చుట్టిన గాలం ఆయనది. మా ఆయన చూస్తుండగానే ఆ కర్ర వంగిపోయింది. దొర మొహం ఎర్రబడింది. కేకలు పెట్టాడు, ముందుకు పరిగెత్తాడు, వెనక్కి పరిగెత్తాడు, టోపీ నీళ్ళలో పడింది, చివరికి దారం పుటుక్కున తెగి వెల్లకిలా పడ్డాడు. పడినవాడు ఏడవాల్సింది పోయి పొట్ట పట్టుకుని పగలబడి నవ్వాడట. అది చూస్తూ నిలబడి మా ఆయన రైలు పోగొట్టుకున్నారు.

ఇంటికి వచ్చాక అన్నం ముందు కూర్చుని నాతో అన్నారు. "విశాలా, ఆ దారం గుంజితే చేతికి ఎట్లుంటాదో ఒక్కసారి చూడాల."

"దుకాణంలో బెల్లం బస్తా గుంజండి, అట్లే ఉంటాది," అన్నాను.

"బస్తా ప్రాణంతో గుంజదు గదే పిచ్చిదానా!"

ఆ ఒక్క మాటతో నాకు అర్థమైంది, ఈ మనిషి ఇక దక్కడని. మర్నాటినుంచి పెరట్లో గొడుగు చివర పురికొస కట్టి, పురికొసకు బెల్లం ముక్క వేలాడదీసి, గాలం విసిరినట్టు విసరడం మొదలుపెట్టారు. ఒకరోజు ఆ బెల్లం ప్రహరీ దాటి పక్కింటి నాగభూషణరావు గారి నెత్తిన పడింది. "ఏందయ్యా ఇది?" అని ఆయన గోడ మీదినుంచి తొంగిచూస్తే, "చీమలు పట్టకుండా గాలికి ఆరబెడతాన్నా" అన్నారు మా ఆయన. ఆ నాగభూషణరావు గారు పాపం నమ్మి, వాళ్ళింట్లో కూడా బెల్లం వేలాడదీయించారు.

ఆ రోజు దొరకు పక్కనుండి దారి చూపించిన మనిషి పేరు శాంతయ్య. కంభం చెరువు కింద, ఊరు అంటరానివాళ్ళని ఎడంగా పెట్టిన పల్లెలో క్రైస్తవుల ఇళ్ళున్నాయి, అక్కడివాడు. పొలాల్లో కూలి పని, ఆ పని లేనప్పుడు చేపల సరదా ఉన్న దొరలను వెంటబెట్టుకుని తిప్పడం. ఏ రాయి మీద నిలబడాలో చూపించడం, సంచులు మోయడం, దొర పడితే లేపడం, పడలేదని బయట చెప్పడం. ఒక దొర ఊరు మారిపోతూ తన పాత గాలం కర్ర శాంతయ్యకు ఇచ్చి వెళ్ళాడు. శాంతయ్య పొడుగు మనిషి, నాలుక ఇంకా పొడుగు. దొరకని చేప గురించి కూడా పొద్దుగూకేదాకా చెప్పగలడు. మా ఆయన వెళ్ళి అడిగితే మొదట ఎగతాళి అనుకున్నాడు.

"సెట్టిగారూ, మీరు తినరు గదా. మీకెందుకు?"

"తినేదానికి గాదు శాంతయ్యా. పట్టేదానికి."

"పట్టినాక?"

"నీకిస్తా. గుంజుడు నాది, చేప నీది. మంది ముందర మాత్రం నువ్వే పట్టినట్టు. నేను పట్టినానని నీ నోట రాగూడదు. మా యమ్మ చెవిన పడిందంటే నేను ఇల్లు జేరను. ఒట్టెయ్యి."

"ఒట్లు మాకు కూడదు సెట్టిగారూ, గ్రంథంలో వద్దన్నాడు. మాకు అవునంటే అవును, కాదంటే కాదు. చెప్పనన్నానా, చెప్పను. అంతే."

మా ఆయనకు అది ఒట్టు కన్నా గట్టిగా తోచింది. 

ఇక ఎర దగ్గర పేచీ వచ్చింది. శాంతయ్య చిప్ప నిండా వానపాములు తవ్వి తెచ్చాడు. మా ఆయన శివశివా అని చెవులు మూసుకున్నారు. "ప్రాణం ఉండేదాన్ని ఇనపముల్లుకు గుచ్చేదా?" అన్నారు.

"మరి చేపకు ప్రాణం లేదా సెట్టిగారూ?"

"చేపను నేను గుచ్చను గదా. అదే వచ్చి కరుచుకుంటాది. ఆ పాపం దానిది."

ఇలాంటి న్యాయం మా కోమట్ల నోట తప్ప ఇంకెక్కడా పుట్టదు. మా వాళ్ళనే అంటున్నాను, నాకు హక్కుంది. చివరికి ఎర మా ఇంటినుంచే వెళ్ళింది. గోధుమపిండి, శనగపిండి, బెల్లం, నెయ్యి, దుకాణంలో ఉన్నవాటిలోకల్లా మేలైన ఇంగువ కలిపి నేనే ఉండలు చేసి ఇచ్చాను. నేను కలుపుతుంటే అత్తగారు వచ్చింది. "ఏందే అది?" అంది. "కంభం చెరువులో చేపలకు వేసేదానికి అత్తా," అన్నాను. చేపలకు పిండి వేస్తే పుణ్యమని మావాళ్ళ నమ్మకం. "నెయ్యి ఇంకొంచెం వెయ్యి, పాపం మూగజీవాలు," అని చెప్పి వెళ్ళింది ఆ మహాతల్లి. నేను అబద్ధమాడానా చెప్పండి? ఆడలేదు.

పసుపు బేరమని ఒకసారి, మిరప బేరమని ఒకసారి, బెస్తవారిపేటలో ఎవరినో పలకరించాలని ఇంకోసారి మా ఆయన కంభం రైలెక్కారు. చిన్న చిన్న చేపలు ఎరను గిల్లుకుని తిని పోయేవి, ఒక్కటీ గాలానికి తగిలేది కాదు. "మీ ఇంగువ పుణ్యాన చెరువులో చేపలన్నిటికీ అరుగుదల బాగైంది సెట్టిగారూ," అనేవాడు శాంతయ్య. ప్రతిసారీ ఆయన ఇంటికి వచ్చి గొడుగు మూలన పెట్టి, నావైపు చూసి పెదవి విరిచేవారు. నాకు జాలేసేది. నవ్వు కూడా వచ్చేది, దాచడమెందుకు.

ఆ వేసవిలో శాంతయ్య కూతురు ప్రేమకుమారికి పెళ్ళి కుదిరింది. వియ్యాలవారిది గిద్దలూరు. శాంతయ్య నోరు ఊరుకుంటుందా? "మా పెండ్లిలో కంభం చెరువు బొచ్చె పులుసు పెడతా! గొడ్డలితో కొట్టాల్సినంత చేప!" అని గిద్దలూరు దాకా వెళ్ళి మరీ చెప్పి వచ్చాడు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం! పెళ్ళి రోజు దగ్గరపడింది. వలలవాళ్ళను బతిమాలితే అరచేతిలో పట్టేవి తప్ప పడలేదన్నారు. పెళ్ళికొడుకు తండ్రి దేవదానం ఎకసెక్కాల మనిషి. అతని ముందు మాట పోతే శాంతయ్య బతికినన్నాళ్ళూ గిద్దలూరులో తలెత్తుకోలేడు.

సరిగ్గా ఆ రోజుల్లోనే మా అత్తగారు పెద్దారవీడులో చుట్టాలింటికి ప్రయాణమైంది. పిల్లి అటు వెళ్ళిందో లేదో మా ఎలుక ఇటు రైలెక్కింది. ముందురోజు సాయంత్రమే కంభం చేరి సత్రంలో పడుకుని, తెల్లారేసరికి చెరువు దగ్గర ఉన్నారు. బేరానికి వచ్చినట్టు కనపడాలని జరీ కండువా కూడా వేసుకున్నారు. కూతురి పెళ్ళినాడు పొద్దున్నే గాలం కర్ర భుజాన వేసుకుని పెళ్ళికూతురి తండ్రి, పక్కన ఇంగువ ఉండల డబ్బాతో మార్కాపురం సెట్టి. ఎవరైనా చూసుంటే ఏమనుకునేవారో!

నీళ్ళమీద జీలుగు బెండు తేలుతోంది. అది ఊగితే చేప ఎర దగ్గరికి వచ్చినట్టు. ఎండ ఎక్కుతోంది, బెండు కదలడం లేదు. "ప్రభువా, గిద్దలూరోళ్ళ ముందర నా పరువు కాపాడు," అని శాంతయ్య కళ్ళు మూసుకున్నాడు. "చెన్నకేశవా, ఒక్క గుంజుడు," అని మా ఆయనా మూసుకున్నారు. ఏ దేవుడు ముందు విన్నాడో నేను చెప్పలేను. కళ్ళు తెరిచేసరికి బెండు లేదు.

"ఎత్తండి! కర్ర ఎత్తండి సెట్టిగారూ!"

"ఎంత?" అని అడిగారట మా ఆయన. అక్కడ కూడా కొలతే!

ఎత్తారు. అంతే, చక్రం గిర్రున తిరిగింది. దారం వేలిని కోసుకుంటూ పరిగెత్తింది. ఆ క్షణం ఎలా ఉండిందో ఆయన నాకు ఎన్నిసార్లు చెప్పారో లెక్కలేదు. "చెరువంతా లేచి నా చెయ్యి పట్టుకుని ఈడ్చినట్టుండె విశాలా," అనేవారు. చెప్పేటప్పుడల్లా కుడిచెయ్యి దానంతటది ముందుకు పోయేది.

"వదలండి! దారం వదలండి!"

"వదిలితే పోతాది గదా!"

"పట్టుకుంటే తెగతాది! వదలండి!"

చేతికి వచ్చినదాన్ని వదలడం మా వంశంలో లేదు. ఆయన వదల్లేదు. దారం కీచుమంది. శాంతయ్య నెత్తి బాదుకుని, "వదలరా నాగేశ్వర్లూ! నీకు దండం పెడతా, వదలరా నాయనా!" అని గావుకేక పెట్టాడు. "వదిలినా మామా, వదిలినా!" అన్నారు మా ఆయన. అప్పటిదాకా సెట్టిగారు, ఆ తర్వాత చాలాసేపు ఇద్దరికీ ఆ సంగతే గుర్తు రాలేదు.

చేప నడిచెరువు వైపు పరుగు తీసింది. నిలబడింది. మా ఆయన చక్రం తిప్పి దారం చుట్టారు. అది మళ్ళీ పరుగు తీసింది. ఈసారి పరుగుకు ఆయన కాళ్ళు పాచి పట్టిన రాయి మీద జర్రున జారాయి. ఆ రాయి కింద లోతు. మా ఆయనకు ఈత రాదు. శాంతయ్య వెనకనుంచి ఒక్క దూకు దూకి రెండు చేతులతో ఆయన నడుము చుట్టేశాడు. ఆ రోజుల్లో పల్లె మనిషి నీడ మా అరుగు మీద పడితే మా అత్తగారు నీళ్ళు చల్లించేది. చల్లేదాన్ని నేనే. చల్లినందుకు నాకిప్పటికీ సిగ్గుగా ఉంటుంది. ఇక్కడ చెరువు గట్టున శాంతయ్య గడ్డం మా ఆయన భుజం మీద ఉంది, ఇద్దరి చెమటా ఒకటైంది, ఇద్దరూ ఒకే గొంతుతో అరుస్తున్నారు. "రావే తల్లీ, రావే!" "పోనియ్యి, కొంచెం పోనియ్యి!" "యేసయ్యా!" "కేశవా!" ఆ చేపకు ఎవరి మాట వినాలో తెలియక బుర్ర తిరిగి ఉంటుంది.

చివరికి అది అలిసింది. పక్కకు ఒరిగి తెల్లటి పొట్ట చూపించింది. శాంతయ్య మొలలోతు నీళ్ళలోకి దిగి, మా ఆయన జరీ కండువా దాని కింద దూర్చి, రెండు కొసలూ పట్టుకుని ఒడ్డుకు ఈడ్చాడు. బొచ్చె చేప. అంత పెద్ద తలకాయ, వెండి బిళ్ళల్లాంటి పొలుసులు, బోర్లించిన నోరు. మా ఆయన ఉన్నపళాన దానిమీద పడి కావలించుకున్నారు. అది తోకతో చెంప మీద ఛెళ్ళున ఒకటిచ్చింది. పెళ్ళయిననాటినుంచి నేను ఇవ్వాలనుకుని ఇవ్వలేకపోయింది ఆ చేప ఇచ్చేసింది. ఇద్దరూ బురదలో కూలబడి నవ్వారు. లేచి గంతులేశారు. మళ్ళీ కూలబడ్డారు. "మణుగున్నర ఉంటాది," అన్నారు మా ఆయన చేతులతోనే తూచి. ఇప్పటి లెక్కలో పదిహేడు కిలోల దాకా. తర్వాత మా ఇంట్లో ఆ మణుగున్నర పెరిగి పెరిగి మూడు మణుగుల దగ్గర ఆగింది. నేను కసరబట్టి ఆగింది.

మాట ప్రకారం ఆయన బట్టలారబెట్టుకుని రైలెక్కి రావాలి. వచ్చారా? చేపను కావడి బద్దకు కట్టి పల్లెలోకి మోసుకెళ్తుంటే, ఈయన కాళ్ళు దాని వెనకే నడిచాయి. పెళ్ళి మేళం ఎదురొచ్చింది. "శాంతయ్య పట్టినాడు! శాంతయ్య బొచ్చె పట్టినాడు!" అని పల్లెంతా కేకలు. పెళ్ళికొడుకు కోసం కట్టిన దండ ఎవరో తెచ్చి శాంతయ్య మెడలో వేశారు. డప్పు వాయించేవాళ్ళు చేప చుట్టూ తిరిగారు. మా ఆయన తడి పంచెతో, చంకలో గొడుగుతో, దొంగకు తేలు కుట్టినట్టు నిలబడి చూశారు. "సెట్టిగారేంది ఈడ?" అని ఎవరో అడిగితే, "పసుపు బేరానికి," అన్నారు. ఆ మాట అనడం ఎంత కష్టమైందో! మనిషి జన్మలో ఒక్కసారి ఒక ఘనకార్యం చేసి, దాన్ని ఇంకొకరి మెళ్ళో దండలాగా చూడటం కన్నా నరకముందా?

చేపను కోసింది శాంతయ్య అక్క హన్నా. కడుపు చీల్చి, ముక్కు దగ్గర చెయ్యి పెట్టుకుని, "ఇదేందిరా శాంతయ్యా! చేప కడుపులో కోమటోళ్ళింటి పప్పు వాసన!" అని వీధి చివరిదాకా వినపడేలా అంది. అందరూ గొల్లుమన్నారు. "పెద్ద చెరువు గదక్కా, ఏదో తినింటాది," అని శాంతయ్య తల గోక్కున్నాడు. మా ఆయన పందిరి గుంజను చూస్తూ నిలబడ్డారు.

మధ్యాహ్నం యేసయ్య గుడిలో పెళ్ళి జరిగింది. పందిట్లో పంక్తులు కూర్చున్నాయి. మా ఆయన తినరు కనక, దూరంగా వేపచెట్టు కింద చాప వేసి, అరటిపళ్ళూ కొబ్బరికాయా ఇచ్చి కూర్చోబెట్టారు. పులుసు ఘుమఘుమలాడుతోంది. అప్పుడు లేచారు పాస్టరు అబ్రహాము గారు. ఆ సంఘంలో ఒక పద్ధతుంది. దేవుడు మేలు చేస్తే, మేలు పొందినవాడు లేచి నలుగురి ముందు జరిగింది జరిగినట్టు చెప్పాలి. దాన్ని సాక్ష్యం అంటారు. అందులో ఉప్పుగల్లంత అబద్ధం కూడా కలపకూడదు.

"శాంతయ్యా," అన్నారు పాస్టరు గారు. "దేవుడు నీ మాట నిలబెట్టినాడు. లేసి సాక్ష్యం చెప్పు. తర్వాత పులుసు."

సాక్ష్యం చెప్పడంలో శాంతయ్యను మించినవాడు ఆ చుట్టుపక్కల లేడు. అలాంటి శాంతయ్య లేవడానికే తటపటాయించాడు. మింగలేడు, కక్కలేడు. చెప్పనని మా ఆయనకు మాటిచ్చాడు. తానే పట్టానంటే దేవుని ముందు అబద్ధం.

"దేవునికి స్తోత్రం. పొద్దున చెరువుకాడికి పోయినా."

"ఆఁ."

"గాలం... నీళ్ళలో పడింది."

"దానంతటదే పడిందా?" అన్నాడు వియ్యంకుడు దేవదానం. పంక్తి నవ్వింది.

"బెండు మునిగింది. చేప తగిలింది."

"నువ్వేం చేసినావు?"

"నేను... అరిచినా."

"అరిస్తే వచ్చిందా బావా, కోడిపిల్ల మాదిరి?"

"గట్టిగా పట్టుకున్నా!" అన్నాడు శాంతయ్య ఉక్రోషంగా.

"దేన్ని? కర్రనా, చేపనా?"

శాంతయ్య మొహం తుడుచుకున్నాడు. చెమట కారిపోతోంది. ఒక్కసారైనా వేపచెట్టు వైపు చూడలేదు. మాటంటే మాట!

"నువ్వు పట్టింది గాదులే బావా. యాడనో సంతలో కొనుక్కొచ్చి చెరువు పేరు చెప్తాన్నావు. గిద్దలూరోళ్ళం ఎర్రోళ్ళమనుకున్నావా?" అన్నాడు దేవదానం. ఈసారి ఎవరూ నవ్వలేదు. పెళ్ళిపీట మీద ప్రేమకుమారి తల వంచుకుంది.

చెట్టుకింద మా ఆయన నోట్లో అరటిపండు సగముంది. లేచి నిలబడితే ఏమవుతుందో ఆయనకు తెలుసు. మార్కాపురం, గుమ్మం, గుమ్మంలో అమ్మ. అన్నీ కళ్ళముందు కనపడ్డాయట. శాంతయ్య పరువు కోసమే లేచానని ఆయన చివరిదాకా వాదించేవారు. నేను సగమే నమ్ముతాను. మిగతా సగం, ఇక లోపల ఇమడక.

"నేను పట్టినా!" అని అరటిపండుతోనే అరిచారు. "ఆ చేప నేను పట్టినా!"

పందిరి అటు తిరిగింది. "సెట్టిగారికి ఎండ తగిలింది. నీళ్ళియ్యండి," అందొక ముసలమ్మ.

"ఎండ లేదు, గిండ లేదు! చూడండి!" అని దారం కోసిన వేలు చూపిస్తూ పంక్తుల మధ్యకు పరిగెత్తుకొచ్చారు. "హన్నమ్మా, ఆ ఇంగువ మా దుకాణందే! మా ఇంటామె కలిపిచ్చింది!" గొడుగును గాలం చేశారు. విస్తళ్ళ మధ్య కాలుపెట్టి, బెండు మాయమైంది ఇట్ల, కర్ర వంగింది ఇట్ల, అని మొదలుపెట్టారు. శాంతయ్యకు పోయిన ప్రాణం లేచొచ్చింది. "వదలరా నాగేశ్వర్లూ అన్నా నేను!" అని అందుకున్నాడు. "వదిలినా మామా అన్నా నేను!" అన్నారు ఈయన. శాంతయ్య వెనకనుంచి వచ్చి నడుము పట్టుకున్నాడు, "ఇదీ, ఇదీ నేను పట్టుకుంది!" అని. ఇద్దరూ కలిసి చేపతో ఎలా ఊగారో అలా పందిరంతా ఊగారు. డప్పులవాళ్ళు ఊరుకోలేక డప్పందుకున్నారు. పాస్టరు గారు కళ్ళజోడు తీసి కళ్ళు తుడుచుకునేంత నవ్వారు. "ఇంతకూ ఇది ఎవరి సాక్ష్యం?" అన్నారు. "ఇద్దరిదీ!" అంది పంక్తి. "ఆమేన్!" అన్నారందరూ. మా ఆయన కూడా అన్నారు, అందరికన్నా గట్టిగా.

పులుసు ఎంత బాగుందో ఆయనకు తెలియదు. తిన్నవాళ్ళు ఒక్కొక్కరే వేపచెట్టు కిందికి వచ్చి, "సెట్టీ, ఆ బెండు కాన్నుంచి మళ్ళొకసారి చెప్పు," అన్నారట. దేవదానం అయితే రెండు విడతలు విన్నాడు. సాయంత్రం బండి వెళ్ళిపోయింది. ఆ బండిలో ఈయన రాలేదు గాని, ఈయన కబురు వచ్చింది.

మర్నాడు పొద్దున మార్కాపురం రోడ్డు స్టేషనులో దిగితే జట్కా లింగయ్య, "రండి సెట్టిగారూ. పులుసు బెమ్మాండంగా ఉండిందంట గదా?" అన్నాడు. అప్పుడు దిగిందట మత్తు.

అత్తగారు పెద్దారవీడునుంచి అంతకుముందే వచ్చేసింది. గుమ్మంలో నిలబడింది. వీధి వీధంతా అరుగుల మీద ఉంది. నేను తలుపు సందులోంచి చూస్తున్నాను.

"ఆడనే ఆగు!" అంది. పెరటి దారిన బావి దగ్గరికి నడిపించి, కట్టుబట్టలతోనే బిందె మీద బిందె గుమ్మరించింది. తోడలేక నా చేతులు పడిపోయాయి. "కోమటింట పుట్టి గాలం పట్టినావా? కులం పేరు చెరువులో కలిపినావు గదరా! మీ నాయన ఉండింటే ఈ పూటే పోయేవాడు!" అని గొంతు చించుకుంది. కొత్త జంధ్యం వేయించింది. వీధిలో జనం కడుపునిండా విని, ఒక్కొక్కరే ఇళ్ళకు పోయారు. అప్పుడు వీధి తలుపు మూసి, గడియ పెట్టింది.

విస్తరి వేయించి కొడుకును కూర్చోబెట్టింది. "నువ్వు లోపలికి పో," అంది నాతో. పోయాను, వంటింటి తలుపు వెనకదాకా. ఆయన తల వంచుకుని అన్నం కలుపుతున్నారు. ఆమె ఎదురుగా పీట వేసుకుని కూర్చుంది.

"ఎంతుండెరా?" అంది.

"ఏందమ్మా?"

"అదేరా. ఎంతుండె?"

ఆయన బిత్తరపోయి ఆమెను చూశారు. తర్వాత అన్నం చేత్తోనే రెండు చేతులూ చాపారు. ఆమె ఆ చేతినుంచి ఈ చేతిదాకా నిదానంగా చూసింది.

"మొదట్నించి చెప్పు," అంది.

మొదట విస్తట్లోకి చూస్తూ గొణిగారు. తర్వాత గొంతు లేచింది. బెండు దగ్గరికి వచ్చేసరికి మోకాళ్ళ మీద లేచారు. నాకు తలుపు వెనక నవ్వాగడం లేదు, ఏడుపూ ఆగడం లేదు. అత్తగారు గడ్డం కింద చెయ్యి పెట్టుకుని, చిన్నపిల్లలా నోరు తెరిచి వింటోంది. రాయి మీద కాలు జారిందన్నారు. అక్కడ ఆగిపోయారు.

"ఆగినావేంది? నీకు ఈత రాదు గదా."

"రాదమ్మా."

"మరి?"

"శాంతయ్య పట్టుకున్నాడు."

"ఎట్ల?"

"వెనకనించి. నడుం చుట్టూ, రెండు చేతుల్తో."

మళ్ళీ బావి దగ్గరికి లేపుతుందనుకుని నేను బిందె వైపు చూశాను. ఆమె కదల్లేదు. కొడుకు నడుము వైపే చూస్తూ ఉండిపోయింది.

"గట్టిగా పట్టుకున్నాడా?"

"గట్టిగానే పట్టుకున్నాడమ్మా."

ఆమె కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

"ఊఁ. తర్వాత?" అంది.